నలభై ఒక్క దసరాల రంగు

అలా కాదు చిన్నకోడలా, ఆ ముక్క కొట్టేయ్. మోటారు రంగు పసుపు అని రాయకు. ఎరుపనీ రాయకు. దానికి పేరు పెట్టబోయే కదా మన రేవు రెండు నెలలు మూతపడింది. మోటారు మోటారు రంగులోనే ఉందని రాసి ఊరుకో. నేను నిదానంగానే చెబుతాను, నువ్వూ నిదానంగానే రాయి. మన సంగతి తెలియనివాళ్ళు కూడా పక్కన కూర్చుని వింటారేమో, మొదటినుంచీ చెప్పడం మంచిది.

నా పేరు ఓలేటి పోశియ్య. జమ్ములంక రేవులో సరంగుని. బోటు నడపడం తప్ప నాకు ఇంకో పని రాదు. మా లంకకి రెండు పక్కలా గోదావరి పాయలే. డెబ్భై గడప ఉంటుంది. ఎండాకాలంలో నావ మీద గెడ వేసుకుంటూ దాటేస్తాం. వరద నీరు వచ్చి గోదావరి ఎర్రబడిందంటే గెడ నేలకి అందదు, నావ ఆగదు. అప్పుడిక మోటారు బోటు ఒక్కటే దారి.

ఆ మోటారు మా నాన్న కొన్నది. నలభై ఒక్క యేళ్ళయింది. మీ అత్త మహంకాళమ్మ ఆ యేడే కాపురానికి వచ్చింది. మోటారుకి మొదటి దసరా పూజ ఆవిడ చేతే చేయించాడు మా నాన్న. నిండా పసుపు రాయడం, కుంకుమ బొట్లు పెట్టడం, గంధం చిలకరించడం, నువ్వుల నూనె దీపం పెట్టి కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు మోటారు మీద పొయ్యడం. అది అలాగే ఆరుతుంది. తుడవం. గంగమ్మకి పెట్టిన పసుపు తుడవడం మా ఇళ్ళల్లో లేదు. దాని మీద యేడాది పొడుగునా డీజిల్ పొగ పడుతుంది. మళ్ళీ దసరా వస్తుంది, మళ్ళీ పసుపు. ఇలా నలభై ఒక్కసార్లు. ఆ ఇనప మోటారు మొదట్లో ఏ రంగులో వచ్చిందో ఇప్పుడు నాక్కూడా గుర్తులేదు.

కిందటేడు దసరా వెళ్ళిన నాలుగో రోజున ఒక ఆఫీసువాళ్ళు మా రేవుకి వచ్చారు. జలయాన వర్ణ సమన్వయ విభాగం అట. ఆ పేరు తడబడకుండా అనడానికి నాకు మూడు నెలలు పట్టింది. బోట్లకి దొంగ సామాను బిగించేస్తున్నారనీ, దాన్ని అరికట్టాలంటే మోటారులో ప్రతి ముక్కా ఒకే రంగులో ఉండాలనీ వాళ్ళు కనిపెట్టారు. అందుకని ముందుగా ఏ మోటారు ఏ రంగులో ఉందో పుస్తకంలో ఎక్కిస్తున్నారు. వచ్చినాయన పేరు శేషావతారం. ఆయన దగ్గర రెండువందల పన్నెండు రంగులున్న అట్ట ఒకటి ఉంది. ఆ అట్ట మోటారు పక్కన పెట్టి పొద్దుటినుంచీ భోజనాల వేళ దాకా చూశాడు. ఒక్కటీ కలవలేదు. చివరికి బ్లేడుతో గోరంత పెచ్చు గీకి, కాగితంలో చుట్టి, లక్క వేసి, దాని మీద 'మూల వర్ణ నమూనా' అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ గీకిన చోట మీ అత్త వెంటనే పసుపు అద్దింది.

ఈ యేడు జ్యేష్ఠమాసంలో మోటారు హెడ్డు పగిలింది. హెడ్డంటే మోటారుకి పైన బిగించే ఇనప మూత. మేస్త్రీ ఘంటయ్య టౌనుకి వెళ్ళి కొత్తది పట్టుకొచ్చాడు. ఆకుపచ్చ రంగులో తళతళలాడుతోంది. పొద్దున్న బిగించి మధ్యాన్నానికి మోటారు తిప్పితే, పాతికేళ్ళ కిందట ఎలా మోగేదో అలా మోగింది. సామాను మార్చినప్పుడు ఆఫీసుకి చెప్పాలన్నారు కదా అని చెప్పాను. నేను చేసిన పొరపాటు అదొక్కటే.

ఈసారి శేషావతారంతోపాటు పై అధికారి విరజాదేవి గారు వచ్చారు. యాభై దగ్గర వయసు, నలగని చీర, తాడు కట్టిన కళ్ళద్దాలు. మర్యాదస్తురాలు, ఆ మాట కూడా రాయి. నేను మోటారు తిప్పి చూపించబోతే వద్దన్నారు. నమూనా పెచ్చు తీసి హెడ్డు పక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"మోటారు నడుస్తున్నదా లేదా అన్నది మా పరిధిలోని అంశం కాదు. నమోదిత వర్ణానికీ ప్రస్తుత వర్ణానికీ మధ్య సామ్యం లోపించింది" అన్నారు.

"గోదారి దాటేవోళ్ళు హెడ్డు రంగు సూడరండమ్మా. అవతలొడ్డు సూత్తారు" అన్నాను నేను.

"అది ప్రయాణికుల దృక్కోణం" అన్నారావిడ, కోపమేమీ లేకుండా. మోటారు చక్రానికి తాడు చుట్టించి, ముడి మీద లక్క పోయించి, ముద్ర వేయించి వెళ్ళిపోయారు. సీలు తెగితే సరంగు చీటీ, అంటే నా లైసెన్సు, రద్దు. రంగు కలిసేదాకా బోటు కదలకూడదు.

అప్పటికి నీకు ఏడో నెల నిండింది చిన్నకోడలా. గోదావరి ఇంకా తెల్లగానే ఉంది. రంగే కదా, రెండు రోజుల్లో వేసేద్దాం అనుకున్నాను.

టౌనులో రంగుల షాపాయన్ని నావ మీద ఎక్కించి తీసుకొచ్చి మోటారు చూపించాను. ఆయన వంగి చూశాడు, వేలితో తడిమాడు, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ముప్పయ్యేళ్ళనుంచీ రంగులమ్ముతున్నాను గానీ వాసన చూస్తే ఆకలి పుట్టించే రంగు ఇదే మొదటిదన్నాడు. అయినా పాపం ఆరు డబ్బాలు కలిపాడు. మొదటిది బాగా పచ్చన. రెండోది ఇటికరాయి. మూడోది అచ్చం అలాగే ఉందని మనవాళ్ళందరూ ఒప్పుకున్నారు. విరజాదేవి గారు కూడా ఎండలో చూసి తలూపారు. తర్వాత గొడుగు కింద పెట్టి చూసి, నీడలో కలవడంలేదు, కొట్టేయమన్నారు. ఎండలో కలిసింది కదా, నేను బోటు ఎండలోనే నడుపుతానని రాసిస్తానన్నాను. మబ్బు పట్టిన రోజు సంగతేమిటని శేషావతారం అడిగాడు. షాపాయన నాలుగో డబ్బా మూత తీశాడు.

ఘంటయ్య ఇంకో ఉపాయం చెప్పాడు. పాత మోటారునంతా కిరసనాయిలుతో కడిగేసి, అంతా హెడ్డులాగే ఆకుపచ్చ వేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా అన్నాడు. శేషావతారం ఆ మాట వినగానే పుస్తకం తెరిచాడు. నమోదిత వర్ణాన్ని చెరిపితే అది వర్ణ విధ్వంసం కిందికి వస్తుందట, దానికి వేరే సెక్షను ఉందట. ఘంటయ్య చేతిలో కిరసనాయిలు డబ్బా ఉంటే దాన్ని మెల్లగా వెనక పెట్టుకున్నాడు.

అప్పుడిక నమూనా పెచ్చుని లేబరేటరీకి పంపారు. మూడువారాలు పట్టింది. ఆషాఢం సగమయ్యాక రిపోర్టు పట్టుకుని ఇద్దరూ వచ్చారు. శేషావతారం రేవులో నిలబడి అందరికీ వినబడేలా చదివాడు. పసుపు కొమ్ముల పొడి, కుంకుమ, గంధం, నువ్వుల నూనె, కొబ్బరినీటి చార, డీజిల్ మసి. పొరలు నలభై ఒకటి. ఇందులో రంగు అనే పదార్థం లేదు అని ఆఖర్న రాశారు.

మీ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఇక సీలు విప్పేస్తారనుకున్నాను. విరజాదేవి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"శుభం. ఉత్పత్తి విధానం లభించింది" అన్నారు. "కొత్త హెడ్డుకు ఇదే విధానంలో నలభై ఒక్క పొరలు సమకూర్చవలసి ఉంటుంది. మూలంలో ఎవరు చేశారో వారి చేతనే చేయించాలి. చెయ్యి మారితే ఛాయ మారుతుంది."

అంటే మీ అత్త చేత నలభై ఒక్క దసరాలు చేయిస్తారన్నమాట. మీ అత్త నవ్వు ఆగిపోయింది. రేవు మెట్టు మీద కూర్చుని విరజాదేవి గారికేసి తలెత్తి చూసింది.

"ఏవమ్మా, దసరా మీ ఆపీసులోంచి వత్తాదా? ఇది ఆషాడం. అమ్మోరు ఇంకా నిద్దర్లేవలేదు. పసుపు రాయమంటే గోడకి సున్నం యెయ్యడం అనుకున్నావా?"

నేను భయపడ్డాను గానీ విరజాదేవి గారు ఆ మాట శ్రద్ధగా విన్నారు. అభ్యంతరం సమంజసమైనదే అన్నారు. శేషావతారం చేత రాయించుకుని వెళ్ళారు. పది రోజుల్లో పైనుంచి ఆర్డరు వచ్చింది. ఫలానా బుధవారాన్ని జమ్ములంక రేవు వరకు దసరా తత్సమాన దినంగా ప్రకటించారు. ఆ ఒక్క రోజునే నలభై ఒక్క దసరాలుగా పరిగణించవచ్చట, కాకపోతే ఒక్కో దసరాకి ఒక్కో వరస నంబరు వేయాలట. అమ్మవారి అనుమతి మాట ఆర్డరులో లేదని మీ అత్త అంది. ఆ ఆర్డరు తీసుకెళ్ళి గంగమ్మ పటం ముందు పెట్టి, తల్లీ నా తప్పేమీ లేదని చెప్పుకుంది.

ఆ పది రోజుల్లోనే గోదావరి ఎర్రబడింది. మొదట అంచు వెంబడి, తర్వాత నడుమ. నావలకి గెడ అందీ అందనట్టుంది. నిన్ను ముందే అవతలి ఒడ్డుకి పంపేయాల్సింది. ఇంకా మూడువారాలు టైముందని నర్సమ్మ చెప్పిందని ఆగాం. నువ్వు సంచి సర్దుకుని గుమ్మం పక్కన పెట్టుకున్నావు. రోజూ రేవుకి వచ్చి ఆ లక్క ముద్రకేసి చూసి వెళ్ళేదానివి. అదంతా నేను చూశాను. చూడనట్టు ఉండేవాణ్ణి, అంతే.

బుధవారం పొద్దున్నే విరజాదేవి గారూ శేషావతారమూ రెండు బస్తాల కొబ్బరికాయలతో నావ మీద వచ్చారు. నావవాడు వాళ్ళని దింపి, నావని ఒడ్డు మీదికి లాగేసి, తాడు రెండు చుట్లు చుట్టి కట్టి, ఇక వరద తీసేదాకా తనని పిలవద్దని చెప్పి ఇంటికి పోయాడు. వచ్చినవాళ్ళు వెనక్కి ఎలా వెళ్తారో ఆ ఆర్డరులో రాయలేదు.

దసరాలు మొదలయ్యాయి. శేషావతారం వరస నంబరు చదివేవాడు, మీ అత్త పసుపు రాసేది, కాయ కొట్టేది. ఒక పెద్ద చిక్కొచ్చింది. దసరాకీ దసరాకీ మధ్య యేడాది పొగ పడాలి. పొగ పడాలంటే మోటారు తిరగాలి. మోటారుకేమో సీలు వేసి ఉంది. చివరికి డీజిల్లో ముంచిన గుడ్డ చిప్పలో పెట్టి అంటించి, అంకెలు పన్నెండు లెక్కపెట్టేదాకా హెడ్డు కింద పట్టారు. అంకెకి ఒక నెల. ఆ పని శేషావతారానిది. ఆయన తెల్ల చొక్కా నాలుగో సంవత్సరానికే నల్లబడింది. పసుపు ఆరడానికి ఫైలుతో విసరడం కూడా ఆయనే. ఆరిందో లేదో వేలితో తాకి చూడడం విరజాదేవి గారి పని.

ఏ యేడాది పసుపు ఆ యేడాది ఎలా రాశారో అలాగే రాయాలన్నారు విరజాదేవి గారు. దాంతో మీ అత్త ఒక్కో యేడాదీ గుర్తు చేసుకుంటూ రాసింది. మూడో దసరాకి మా నాన్న ఉన్నాడు, చాలా పసుపు కలిపించాడంది. ఏడోదానికి పెద్దాడు కడుపులో ఉన్నాడు, వంగలేక పైపైన రాసేనంది. పదకొండోది వరదలో గేదెలు కొట్టుకుపోయిన యేడు, ఆ దసరాకి కళ్ళనీళ్ళు కూడా పడ్డాయి, అవీ కలపమంటావా అని అడిగింది. శేషావతారం పై అధికారి వంక చూశాడు. విరజాదేవి గారు, అది లేబరేటరీ రిపోర్టులో లేదు, వదిలేయండి అన్నారు. కానీ ఆ దసరాకి కొబ్బరికాయ ఆవిడే బస్తాలోంచి ఏరి అందించారు.

పంతొమ్మిదో దసరాకి మీ అత్త చిటికెడు పసుపు మాత్రమే తీసింది.

"ఇంతేనా?" అన్నారు విరజాదేవి గారు.

"ఆ యేడు ఈయనకీ నాకూ మాటల్లేవు" అంది మీ అత్త.

"ఎందుచేత?" అని శేషావతారం కలం పైకెత్తి అడిగాడు. ఆయన్ని ఆ గడి ఖాళీగా వదిలేయమని నేనే బతిమాలుకున్నాను.

మధ్యాన్నం తిరిగేసరికి నీరు రేవు మెట్లు నాలుగు మింగేసింది. లంక జనమంతా గట్టు మీద నిలబడ్డారు. వాళ్ళ కళ్ళు హెడ్డు మీద లేవు, నీటి మీద ఉన్నాయి. ఇరవై తొమ్మిదో దసరా పూర్తయిందని శేషావతారం చదివాడు. అదే సమయానికి నువ్వు గట్టు దిగి వచ్చావు. ఒక చెయ్యి నడుం మీద, ఒక చేతిలో సంచి.

"మావయ్యా, టైమైపోయినట్టుంది" అన్నావు. అంతే అన్నావు.

 నేను విరజాదేవి గారి వైపు తిరిగాను. 

"ఇంకా పన్నెండు దసరాలున్నాయండమ్మా. ఆ బిడ్డ పన్నెండు దసరాలు ఆగుద్దేటండి?"

ఆవిడ పుస్తకం చూశారు. సీలు చూశారు. నిన్ను చూశారు. ఆవిడ ముఖం అప్పటిదాకా ఆఫీసు కాగితంలా ఉండేది. పెదవులు కదిలాయి గానీ బయటికి వచ్చింది మళ్ళీ ఆ మాటలే.

"వర్ణ సామ్యం నిర్ధారణ కాకుండా సీలు తొలగించే అధికారం నాకు లేదు. ఎవరికీ లేదు. పూజా విధానంలో భాగంగా జరిగేదాన్ని అడ్డుకునే అధికారం కూడా నాకు లేదు."

నాకు అర్థం కాలేదు. మీ అత్తకి అర్థమైంది. ముప్పయ్యో దసరా కొబ్బరికాయ తీసి, కళ్ళకద్దుకుని, నేల మీద కాకుండా చక్రానికున్న లక్క ముద్ర మీద కొట్టింది. కాయా పగిలింది, ముద్రా పగిలింది. కొబ్బరినీళ్ళు మోటారు మీద పడ్డాయి. ముప్పయ్యో దసరా అసంపూర్తి అని శేషావతారం రాసుకున్నాడు.

నేను తాడు లాగి పడేసి మోటారు తిప్పాను. మొదటి తిప్పుకే అందుకుంది.

మీ అత్తా నువ్వూ ఎక్కారు. శేషావతారం మోకాలిలోతు నీళ్ళల్లో నిలబడి పై అధికారి వంక చూస్తున్నాడు. ఆవిడ నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పారు.

"చూడండి పోశియ్య గారూ. బోటు కదిలితే మీ సరంగు చీటీ రద్దు. నేను ఇందులో ఎక్కితే నా ఉద్యోగం రద్దు. కదలకపోతే ఇద్దరం క్షేమం. కాబట్టి ఇది కదలడంలేదు."

అని చెప్పి ఎక్కి కూర్చున్నారు. మోటారు కనబడకుండా దానికి వీపు పెట్టి కూర్చున్నారు. శేషావతారాన్ని కూడా అలాగే కూర్చోమన్నారు. గోదావరి నడుమకి వచ్చాక బోటు రెండుసార్లు పక్కకి ఒరిగింది. ఒక దుంగ అంగుళంలో తప్పిపోయింది. నువ్వు అరిచావు. విరజాదేవి గారు వెనక్కి చెయ్యి చాపి నీ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ వేళ్ళనిండా పసుపు. అవతలి ఒడ్డు వచ్చేదాకా వదల్లేదు. ఒక్కసారి కూడా మోటారు వైపు తిరగలేదు. ఆస్పత్రికి చేరిన గంటకి నా మనవరాలు పుట్టింది.

అసలు తమాషా ఆ తర్వాతిది. శేషావతారం పుస్తకంలో ఉన్నది ఏమిటంటే, 'కొబ్బరికాయ తాకిడికి సీలు భగ్నమైనది, బోటు రేవులోనే ఉన్నది.' బోటు కదల్లేదు. నావలు ఆ రోజు ఆగిపోయాయని తహసీల్దారు రికార్డులో ఉంది. మరి విరజాదేవి గారూ శేషావతారమూ లంకనుంచి బయటికి ఎలా వచ్చారు? రాలేదు. కాగితం ప్రకారం వాళ్ళిద్దరూ ఇంకా జమ్ములంకలోనే ఉన్నారు. మర్నాడు ఆవిడ ఆఫీసుకి వెళితే అటెండరు కుర్చీ ఇవ్వలేదట. మీరు క్యాంపులో ఉన్నారు కదమ్మా అన్నాడట. హాజరు పట్టీలో ఆవిడ పేరు ఎదురుగా 'క్యాంపు, జమ్ములంక' అనే రాస్తున్నారు. పోస్టుమాను ఆవిడ ఉత్తరాలు వారానికొకటి మనింటికి తెచ్చి ఇస్తున్నాడు. శేషావతారానికి వాళ్ళావిడ రాసిన ఉత్తరం కూడా ఒకటి వచ్చింది. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమెందుకంటే, ఆఫీసు ద్వారా అయితేనే ఆయనకి చేరుతుందని ఎవరో చెప్పారట.

కిందటివారం వచ్చిన పెద్ద కవరు, నువ్వు పిల్లని నిద్రపుచ్చుతున్నావని పక్కింటాయన చేత చదివించాను. ఆవిడకి ప్రమోషను వచ్చింది. కొత్త సీట్లో చేరాలంటే ముందు జమ్ములంకనుంచి బయల్దేరినట్టు చూపించాలి. బయల్దేరాలంటే అనుమతి ఉన్న బోటు ఎక్కాలి. అనుమతి రావాలంటే మిగిలిన పన్నెండు దసరాలూ పూర్తవ్వాలి. ఆ తత్సమాన దినం మాత్రం గడువు దాటిపోయింది, ఇక పొడిగించరట. ఇప్పుడు మామూలు దసరాలే దిక్కు. యేడాదికి ఒకటి.

అంతవరకూ మన కదలని బోటు రోజుకి ఎనిమిదిసార్లు గోదావరి దాటుతోంది. రంగు తనిఖీకి ఎవరూ రావడంలేదు. తనిఖీ అధికారి ఇక్కడే మకాం ఉండగా ఇంకొకరిని పంపకూడదట.

రేపు నువ్వు పిల్లకి నెలన్నర సూది వేయించడానికి టౌనుకి వెళ్తున్నావు కదా. ఆ పెద్ద కవరూ మిగతా ఉత్తరాలూ సంచిలో పెట్టుకో. విరజాదేవి గారి ఇల్లు ఆస్పత్రి వెనక సందులోనే. ఆవిడ ఇంట్లోనే ఉంటారు, ఆఫీసులో కుర్చీ లేదు కదా. పిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టు. ఇప్పుడు రాస్తున్న ఈ కాగితం మాత్రం ఆవిడ చేతికి ఇవ్వకు. ఇస్తే ఫైలు నంబరు వేస్తారు. నువ్వే పక్కన కూర్చుని ఇదంతా చదివి వినిపించు. వచ్చే నెల దసరాకి మీ అత్త పసుపు దంచి ఉంచిందని, ఆవిడ పేరున ఒక కాయ కొడతామని, తప్పక రమ్మని చెప్పు. బోటు ఎక్కి రావడానికి మొహమాటపడతారేమో, లెక్క ప్రకారం ఆవిడ ఇక్కడే ఉన్నారు కాబట్టి వచ్చినట్టు ఎవరూ రాయలేరని కూడా చెప్పు.